రెండు వేళ్ళ సందు

చిన్నకుంట్లపల్లె, పలమనేరు దగ్గర
జులై 2024

రాజారత్నానికి గురప్ప రాసేది ఏమంటే,

నేను బాగుండాను. అంటే చెవులు తప్ప మిగతాదంతా బాగుండాది. నువ్వు మొన్న ఫోన్ చేసినావు కదా, కోడలు దాన్ని తెచ్చి నా చెవికి ఆనించింది. నువ్వు అరిచిన అరుపుకు కొట్టంలో ఆవు తలెత్తి చూసింది గానీ, నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఇంక ఆ ఫోన్ల జోలికి పోవద్దప్పా. ఇన్నేళ్ళు చెవి పక్కన తుపాకీ పేల్చిన నాకూ, పోలీసోళ్ళ తుపాకులు బాగుచేసి చేసి సగం చెవుడు తెచ్చుకున్న నీకూ ఉత్తరాలే గతి. రిటైరైనాక నీకు వేరే పని మాత్రం ఏముంది?

ఎలక్షన్లని స్టేషన్లో పెట్టించుకున్న తుపాకీని తిరిగి ఇచ్చినారు. అన్ని నెలలు గోడకు ఆనించి పెట్టినారేమో, గొట్టం మూతి తుప్పు పట్టి ఉండింది. ఆముదం పూసి తుడుస్తా ఉంటే నాకే విసుగొచ్చింది. ఎప్పుడూ విసుక్కోని పని అది. ఈ మధ్య అన్నిటికీ అలుపే.

చెనక్కాయ బాగా మొలిచింది. బాగా మొలిచిందంటే నాకు సంతోషం లేదు, అడవి పందులకు సంతోషం. కౌండిన్య అడవిలో నుంచి గుంపుగా దిగుతాయి. ఉత్త మందు పేలిస్తే పెళ్ళి టపాకాయలనుకుంటాయో ఏమో, తలకాయ కూడా ఎత్తవు. గుండు పోయి గట్టుకు తగిలి మన్ను ఎగిరితేనే కదులుతాయి. వాటిని కొట్టను, భయపడొద్దు. ఫారెస్టోళ్ళతో నాకు పేచీ వద్దు.

ఒక సంగతి అడగాల. తుపాకీ వెనక్కి తన్నే తన్ను తగ్గాలంటే ఏం చెయ్యాల? భుజానికి కొంచెం మెత్తగా ఉండాల. ఊరికే అడిగినాను. ఎందుకని అడగొద్దు.

గురప్ప

•

కొర్లగుంట, తిరుపతి
జులై 2024

ఒరే గురప్పా,

ఎందుకని అడగొద్దంటే అడక్కుండా ఊరుకునే మనిషినైతే పోలీసు శాఖలో అన్నేళ్ళు ఉండేవాణ్ణి కాదు. నీ భుజం నాకు తెలియదా? ఆ తుపాకీ నీ భుజాన్ని తన్నితే నొప్పి తుపాకీకే. ఎవరి భుజం కోసం అడుగుతున్నావు?

సరే, అడిగావు కాబట్టి చెప్తాను. మందు కొంచెం తగ్గించు. భుజం మీద గోనెసంచి మడత పెట్టుకో. తుపాకీ మడమను భుజానికి గట్టిగా అదుముకుంటే తన్ను తక్కువ, సందిస్తే ఎక్కువ. మిగతాది నీకు నేను కొత్తగా చెప్పేదేముంది? మందు పోయడం, పీచు పెట్టడం, గుండు దట్టించడం నేను ఉద్యోగంలో చేరకముందే నువ్వు చేసినవాడివి.

ఇక్కడ నా సంగతి ఏం చెప్పమంటావు. మోకాళ్ళు మేడమెట్ల మీద ఆగిపోతున్నాయి. కంటికి ఆపరేషన్ చేయించుకోమని మా ఆవిడ రెబెకా పొద్దున లేస్తే అదే పాట. కొండకు పోయే జనంతో బస్టాండు వైపు అడుగు పెట్టేందుకు లేదు. పెన్షన్ పనికి బ్యాంకుకు పోయి వస్తే ఆ రోజుకు నేను అయిపోయినట్టే. ఇంట్లో కూర్చుంటే మాత్రం అలుపు తగ్గుతుందా అంటే, అదీ లేదు.

జవాబు రాయి. భుజం ఎవరిదో కూడా రాయి.

రాజారత్నం

•

చిన్నకుంట్లపల్లె
ఆగస్టు 2024

రాజారత్నానికి,

పట్టేసినావు. భుజం మా కోడలు కోమలిది.

మా కొడుకు మునిశేఖర్ తిరుపతిలో ట్యాక్సీ తోలుతా ఉండాడు కదా. యాత్రికులను కొండకు ఎక్కించి దించేదానికే వాడికి సరిపోతుంది. పండగకో, జ్వరమొస్తేనో ఇంటికొస్తాడు. పోయిన ఏడు కాపలాకు నేనే పోయినాను. మంచె మీద కూర్చొనే ఉండాను, పందులు నా వీపు వెనకాలే సాళ్ళకు సాళ్ళు తవ్వుకోని పోయినాయి. తెల్లారి చూసుకున్నాక తెలిసింది. చెవులు లేని కాపలాదారు ఉండినా ఒకటే, లేకపోయినా ఒకటే. మా ఇంటిది గురవమ్మ మిగిలిన కాయ ఏరుకోని వచ్చి నా ముందర పోసింది. తిట్టి ఉంటే బాగుండు అనిపించింది.

అందుకని ఈ ఏడు కోమలి వస్తా ఉండాది. లైసెన్సు నా పేరు మీద ఉండాది, నేను పక్కనే కూర్చొని ఉంటాను. తప్పని నువ్వంటావు. నాకూ తెలుసు. కానీ చేను మాకు ఒకటే.

ఆ పిల్ల బక్కది. మొదట పగలు నేర్పిచ్చినాను. పేల్చినప్పుడు వెనక్కి తూలి గట్టు మీద కూలబడింది. లేచి చీర దులుపుకోని, "ఏం లేదు మామా" అని మొగం తిప్పుకుంది. ఆ పొద్దు నాకు అన్నం సయించలేదు. ఆడపిల్ల భుజం మీద ఈ ఇనుము పెట్టినానే అని.

నువ్వు మందు తగ్గించమన్నావు. తగ్గిస్తే గుండు గట్టు దాకా పోదు. అందుకని నేనే ఒక ఉపాయం కనిపెట్టినాను. గుండును మందు మీద ఆనేదాకా దట్టించకుండా, మధ్యలో రెండు వేళ్ళ సందు వదిలేయడం. మందు మీద బరువు లేకపోతే మెత్తగా పేలుతుంది కదా. దట్టించే కడ్డీకి ఎర్ర దారం కట్టినాను. "దారం గొట్టం మూతికి రాగానే ఆపెయ్యమ్మా, అంతకంటే లోపలికి తొయ్యొద్దు" అని చెప్పినాను. ఇప్పుడు నొప్పి ఉందా అని అడిగితే లేదని తలాడిస్తుంది. ఒక్కరవ్వ కూడా తూలడం లేదు.

ఏమప్పా ఆర్మరర్ సారూ, నీకు తట్టని ఉపాయం పల్లెటూరోడికి తట్టింది చూడు.

గురప్ప

•

కొర్లగుంట, తిరుపతి
ఆగస్టు 2024

గురప్పా,

ఈ కాగితం చేతికందిన నిమిషం నుంచి ఆ పిల్లను తుపాకీ ముట్టనివ్వద్దు. మిగతాది తర్వాత చదువు.

నువ్వు కనిపెట్టింది మెత్తగా పేల్చే ఉపాయం కాదురా. గొట్టం పగిలే ఉపాయం. మందుకూ గుండుకూ మధ్య సందు ఉందనుకో, మందు అంటుకుని ఆ ఖాళీలో ఊపందుకుంటుంది. గుండు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆ ఊపు పోయి గుండును గుద్దుకుంటే, గుండు కదిలేలోపలే అక్కడ గొట్టం ఉబ్బుతుంది, లేదా చీలుతుంది. ఆ చోటు ఎక్కడుంటుందో తెలుసా? పేల్చే మనిషి ఎడమచెయ్యి గొట్టాన్ని పట్టుకునే చోటుకు దగ్గరగా. మొహానికి కూడా దూరమేం కాదు.

నేను పని చేసినన్నాళ్ళూ గుండు ఎంత లోతున కూర్చోవాలనే దాని మీదే సగం తలనొప్పి. రైఫిల్ తూటాలో లెక్క వేరు. అక్కడ గుండు ఇత్తడి గొట్టంలోకి మరీ లోతుకు దిగితే మందుకు చోటు ఇరుకై ఒత్తిడి పెరుగుతుంది. మరీ పైకి ఉంటే తుపాకీ గొట్టంలోని గాడులకు ముందే ఆనుకుంటుంది, అప్పుడూ ఒత్తిడే. అందుకని వెంట్రుకవాసి కొలిచి చూసుకుంటారు. మూతిలోంచి మందు కూరే నీ తుపాకీకి ఆ కొలతలేవీ అక్కర్లేదు. ఒకటే మాట. గుండు మందు మీద ఆనాలి. ఆనిందా లేదా అన్నదే. కడ్డీని వదిలితే ఠంగుమని పైకి ఎగరాలి. ఎగరకపోతే పేల్చకూడదు. ఈ సంగతి నీకు తెలుసు. తెలిసి కూడా, ఆ పిల్ల మీద జాలితో మర్చిపోయావు.

నీ ఉత్తరం రాగానే రెబెకా చేత మీ ఇంటికి ఫోన్ చేయించాను. కోమలే తీసిందట. అంతా విని, "సరే అమ్మా, నేను చూసుకుంటాను" అందట. ఇంకో మాట కూడా అందట, అది నీకు చెప్పాల్సిన పని లేదు. నాకు మాత్రం ఆ "చూసుకుంటాను" మీద నమ్మకం కుదరక ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో వేస్తున్నాను.

నిన్ను తిట్టాలని ఉంది. ఓపిక లేదు.

రాజారత్నం

•

చిన్నకుంట్లపల్లె
సెప్టెంబర్ 2024

రాజారత్నానికి,

నీ జాబు చేరింది.

మర్నాడే తుపాకీని తీసుకుపోయి స్టేషన్లో ఇచ్చేసినాను. ఎందుకు పెద్దాయనా, ఇప్పుడే కదా తీసుకుపోయినావు అన్నారు. లైసెన్సు రద్దు చెయ్యమన్నాను. దానికి అర్జీ పెట్టాల, మళ్ళా రమ్మన్నారు. అట్నుంచి అటే బస్సెక్కి కాణిపాకం పోయినాను. తలస్నానం చేసి తడిబట్టలతో స్వామి ఎదురుగా నిలబడి ప్రమాణం చేసినాను, ఈ చేతుల్తో ఇంక తుపాకీ ముట్టనని. ఆడ చేసిన ప్రమాణం తప్పినోడు బాగుపడినట్టు నేను యాడా చూడలేదు. నీది వేరే దేవుడు, నీకు ఇది నవ్వులాటగా ఉండొచ్చు. నవ్వుకో.

ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు. తుపాకీ ఏమైందని గురవమ్మ అడిగితే రిపేరుకు ఇచ్చినానని చెప్పినాను. కోమలి మాత్రం నా మొగం చూస్తా ఉండాది. ఆ పిల్ల కంచంలో అన్నం పెడతా ఉంటే ఆ ఎడమచెయ్యే నాకు కనిపిస్తా ఉండాది. ఆ చేతికి ఏమన్నా అయ్యుంటే మునిశేఖర్‌కు ఏమని చెప్పుండేవాణ్ణి? "నీ పెళ్ళానికి నొప్పి తగ్గించబోయినాను రా" అనా? ముద్ద గొంతు దిగడం లేదప్పా. రోజూ పక్కన కూర్చొని, దారం దాకా వచ్చిందామ్మా అని నేనే అడిగి మరీ పేలిపించినాను. వచ్చిందని తలాడించేది. నేను చెప్పినట్టే చేసేది.

పందులు వస్తా ఉండాయి. డబ్బాలు కొడతా ఉండాము. చేను ముక్కాలు పోయింది. పోనీ.

గురప్ప

•

చిన్నకుంట్లపల్లె
అక్టోబర్ 2024

రాజారత్నం సారుకు, రెబెకా అమ్మకు కోమలి నమస్కరించి రాయడం.

నేను ఉత్తరం రాసి చాలా ఏళ్ళయింది సార్, తప్పులుంటే ఏమనుకోవద్దు. ఫోన్ చేస్తే ఇంట్లో అత్త వింటుంది, వీధిలో పక్కవాళ్ళు వింటారు. అందుకని రాస్తున్నాను.

ఆ రోజు అమ్మ ఫోన్ చేసినప్పుడు, మామకు ఉత్తరం రాయొద్దని సారుతో చెప్పమన్నాను. మీరు రాసేశారు. మీ మీద కోపం లేదు. నా కోసం భయపడి రాశారు. కానీ ఎందుకు వద్దన్నానో ఆ రోజు చెప్పకపోవడం నా తప్పే.

సార్, ఆ దారం దగ్గర మొదటిసారి తప్ప నేను ఎప్పుడూ ఆపలేదు.

మామ చెప్పినాక మొదటిసారి మాత్రం ఆయన చెప్పినట్టే ఆపాను. గుండు ఎటు పోయిందో తెలియలేదు, గట్టు దాకా పోలేదు, పందులు కదల్లేదు. ఇట్లయితే చేను దక్కదని, రెండోసారి నుంచి దారం గొట్టంలోకి పోయినా వదలకుండా అడుగు దాకా దట్టించేశాను. గొట్టం పగులుతుందని నాకేం తెలుసు సార్? గుండు గట్టిగా పోవాలనే చేశాను. కడ్డీ ఠంగుమనేది. మామ పక్కనే ఉండేవాడు, ఆయనకు వినిపించదు కదా. చీకట్లో దారం కనిపించదు. వచ్చిందా అమ్మా అంటే తలాడించేదాన్ని.

భుజం మాత్రం నల్లగా కమిలిపోయింది. వెనక్కి తూలకుండా మంచె గుంజకు వీపు ఆనించి పేల్చేదాన్ని. ఆయన చూస్తాడని జాకెట్ చేతులు పొడుగ్గా కుట్టించుకున్నాను.

ఈ ఇంట్లో మామ మాటకు ఎదురు చెప్పినవాళ్ళు లేరు సార్. ఆయన కొడుకు కూడా చెప్పడు. నేను చెప్పలేకపోయింది భయంతో మాత్రం కాదు. నా భుజం గురించి ఆయన అన్నం మానేసి ఆలోచించాడు. మా నాయన కూడా నా గురించి అంత ఆలోచించలేదు. ఆయన దారం కట్టి తెచ్చి చూపించినప్పుడు మొహం చూడాల్సింది మీరు. అది పని చెయ్యదు మామా అని ఆ మొహానికి ఎట్లా చెప్పేది?

ఇప్పుడు ఆయన, కోడల్ని చంపబోయానని లోపల్లోపలే కుమిలిపోతున్నాడు. సగం మనిషయ్యాడు. నిజం చెప్తే ఆ బాధ పోతుంది, కానీ ఇన్నాళ్ళు పక్కన కూర్చుని తలాడిస్తూ ఆయన్ని మోసం చేశానని తెలుస్తుంది. చెప్పకపోతే ఇట్లాగే అయిపోతాడు. నాకు నిద్ర పట్టడం లేదు. మీరు ఏది చెయ్యమంటే అది చేస్తాను.

కోమలి

•

కొర్లగుంట, తిరుపతి
అక్టోబర్ 2024

అమ్మా కోమలీ,

నీ ఉత్తరం రెబెకా పైకి చదివి వినిపించింది. సగంలో ఆపేసి కళ్ళు తుడుచుకుంది. నేను మాత్రం ఆ మొదటిసారి సంగతి దగ్గరే ఆగిపోయాను. ఆ ఒక్కసారికి నీకేం కాకపోవడం అదృష్టం, అంతే.

గురప్పకు చెప్పు. నేను రాయగలను, కానీ రాయను. నా నోటి నుంచి తెలిస్తే వాడికి అది ఇంకో అవమానం. నీ నోటి నుంచే తెలియాలి.

వాడికి కోపం వస్తుంది. తనే పెద్ద అనుకునే మనిషి, కోడలు తన మాట తీసేసిందంటే పొడుచుకుంటుంది. రానీ. కోపం నాలుగు రోజులుంటుంది. వాడిప్పుడు మోస్తున్నది మాత్రం దించుకోకపోతే పోయేదాకా ఉంటుంది. మోసం అనే మాట మానెయ్. చేను కాపాడాలనుకున్నావు, వాణ్ణి నొప్పించకూడదనుకున్నావు. రెండూ కుదరాలంటే మనిషి అలిసిపోతాడమ్మా.

భుజాన్ని డాక్టరుకు చూపించు. ముందు ఆ పని చెయ్యి.

రాజారత్నం

•

చిన్నకుంట్లపల్లె
నవంబర్ 2024

రాజారత్నానికి గురప్ప రాసేది,

నీకు ముందే తెలుసంట కదా. ఉండు, నీ సంగతి తర్వాత చూస్తాను.

మిగిలిన కాయ ఎంతుందో చూద్దాం రండి మామా అని కోమలి నన్ను చేనికాడికి పిలుచుకోని పోయింది. ఆడ గట్టు మీద నా ఎదురుగా నిలబడి ఏందో చెప్పింది. వినిపించలా. మళ్ళా చెప్పింది. ఏందమ్మా అన్నాను. అప్పుడు ఆ పిల్ల, ఇంట్లో గట్టిగా మాట్లాడి ఎరగని పిల్ల, గొంతు చించుకోని అరిచింది. "మామా, మీరు చెప్పినట్టు నేను చెయ్యలా! అడుగు దాకా దట్టించినా!" అని.

పక్క చేలో ఢిల్లీబాబు మోటారు ఆపేసి, "ఏం గురప్పా, కోడలు తిడతా ఉందా?" అని అడిగినాడంట, నాకు చెయ్యి ఊపింది మాత్రం కనిపించింది. గట్టు మీద పడుండిన చెరుకు గడ ఒకటి తీసుకోని, కడ్డీని లోపలికి తోసినట్టు తోసి తోసి చూపించింది కోమలి. ఏడుస్తానే తోసింది. అప్పటికి నా బుర్రకెక్కింది.

నీకు అబద్ధం రాయను. మొదట కోపమే వచ్చింది. ఇన్నాళ్ళు పక్కన కూర్చోబెట్టుకోని నన్ను ఆటబొమ్మను చేసినారే అనిపించింది. భుజం కమిలిన సంగతి గురవమ్మకు కూడా తెలుసంట. వేడినీళ్ళ కాపడం పెట్టి ఆముదం రాసింది ఆమేనంట. ఇంట్లో నాకొక్కడికే తెలియదు. చర్రున లేచి ఇంటి దోవ పట్టినాను. నాలుగడుగులు వేసినాను. గట్టు మీదనే కూలబడినాను. నేను చెప్పినట్టు చేసుంటే ఆ అరిచే గొంతు నాకు ఎదురుగా ఉండేదా అని ఒక్క తూరి తోచింది. ఇంక నా వల్ల కాలేదప్పా. పెళ్ళైనప్పటినుంచి గురవమ్మ కూడా చూడని ఏడుపు ఏడ్చినాను. ఢిల్లీబాబు అంతా చూసినాడు. చూడనీ.

మళ్ళా స్టేషన్‌కు పోయినాను. రద్దు వద్దన్నాను. లైసెన్సు కోమలి పేరుకు మార్చాలంటే ఏమేం కావాలో రాయించుకోని వచ్చినాను. ఈ ఏటి పంటకు అది ఎట్లాగూ పనికిరాదు, వచ్చే ఏటికి చూద్దాం. నేను ముట్టకూడదు, స్వామి ముందర ఒట్టు పెట్టుకున్నాను. గొట్టం ఎక్కడన్నా ఉబ్బిందేమో చూసేదానికి నువ్వు రావాల. ఆ పిల్లకు మొదటి నుంచి నువ్వే నేర్పియ్యి. నేను దూరంగా కూర్చుంటాను, మధ్యలో దూరను.

కోమలితో ఒకటే చెప్పినాను. నేను చెప్పేది నీకు సరి కాదనిపిస్తే ఇంక దాచొద్దమ్మా, నా మొగానే చెప్పు అని. "ఊరంతా వినేటట్టు అరవాల కదా మామా" అనింది. అరువు, విననీ అన్నాను.

నా మాటకు ఎవరూ అడ్డం చెప్పకూడదని బతికినోణ్ణి నేను. నీకు తెలుసు. ఆ పిల్ల నా మాట తీసి పక్కన పెట్టింది కాబట్టి ఈ పొద్దు నా ఇంట్లో పొయ్యి వెలిగింది. అన్నం పెట్టింది. తిన్నాను.

గురప్ప